లైనక్స్‌లో ల్యాప్‌టాప్ వైఫై: డ్రైవర్ వెతకాలా, కార్డు మార్చాలా, డాంగిల్ కొనాలా?

ల్యాప్‌టాప్‌లో ఉబుంటునో మింట్‌నో ఎక్కించాక వైఫై గుర్తే కనిపించకపోతే మీ ముందు నాలుగు దారులున్నాయి. కొత్త కర్నెల్‌కి (హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ మూలభాగానికి) మారడం, బయట దొరికే డ్రైవర్‌ని కంపైల్ చేసుకోవడం (సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకోవడం), లోపలి కార్డు తీసేసి వేరేది బిగించడం, యూఎస్‌బీ డాంగిల్ తగిలించడం. యూట్యూబ్‌లో వెతికితే రెండోదే చూపిస్తారు. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో షాపులో అడిగితే చాలాసార్లు నాలుగోది చేతిలో పెడతారు. మా లెక్కలో మాత్రం మొదటిదీ మూడోదీ ముందు చూడాలి. మీ చిప్‌కి డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంటే ఆ కర్నెల్‌కి మారండి. లేకపోతే డ్రైవర్‌తో కుస్తీ పట్టేకంటే కార్డు మార్చుకోవడం మేలు. ఎవరికి ఎప్పుడు ఇది వర్తించదో కింద వస్తుంది.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ఎలాగోలా నెట్ తెచ్చుకోండి

వైఫై లేకుండా వైఫై డ్రైవర్ దించుకోవడం ఎలా అన్నది మొదటి చిక్కు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పేజీలో ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కి అది మామూలు వైర్డ్ నెట్‌వర్క్‌లాగే కనిపిస్తుంది, అదనంగా ఏమీ వేయక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే ఆ నెట్టే ల్యాప్‌టాప్‌కి వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. కేబుల్ పెట్టినా టెథరింగ్ మీట నొక్కుడుపడకపోతే ఆ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం అయ్యుండొచ్చు. వేరేది పెట్టి చూడండి.

చిప్ ఏదో తేల్చుకోవడం

ల్యాప్‌టాప్ మోడల్ పేరు నమ్ముకోవద్దు. ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కి ఇంటెల్, ఇంకో బ్యాచ్‌కి రియల్‌టెక్ కార్డు పెట్టడం కంపెనీలకి మామూలే. "ఎల్‌ఎస్‌పీసీఐ" అని కొట్టి, ఒక ఖాళీ వదిలి "-ఎన్‌ఎన్‌కే" చేర్చండి. వచ్చిన జాబితాలో "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న వరుస చూడండి. దాని చివర చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు సంఖ్యలుంటాయి. మొదటిది తయారీదారుది: 8086 అంటే ఇంటెల్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 168సీ అంటే అథెరోస్, 14సీ3 అంటే మీడియాటెక్. రెండోది చిప్‌ది. ఈ జంటని కాగితం మీద రాసుకోండి, ఇకపై వెతుకులాట అంతా దీంతోనే.

దాని కిందే "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న వరుస ఉందో లేదో చూడాలి. ఉంటే డ్రైవర్ ఎక్కింది, లోపం వేరే చోట ఉంది. లేకపోతేనే డ్రైవర్ గొడవ. చాలామంది ఈ తేడా చూడకుండా, ఉన్న డ్రైవర్ మీదే ఇంకో డ్రైవర్ ఎక్కించి రెండూ కొట్టుకునేలా చేస్తారు.

డ్రైవర్ ఎక్కినా నెట్‌వర్క్‌లు కనిపించకపోతే మూడు చూడండి. ఒకటి, "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టండి. "సాఫ్ట్ బ్లాక్డ్: ఎస్" అని వస్తే "ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై"తో పోతుంది. "హార్డ్ బ్లాక్డ్: ఎస్" అని వస్తే ఏ కమాండూ పనిచేయదు. పక్కన ఉండే స్విచ్చో, ఎయిరోప్లేన్ గుర్తున్న ఫంక్షన్ మీటో, బయోస్‌లోని వైర్‌లెస్ సెట్టింగో మార్చాలి. రెండు, "సుడో డీమెస్గ్" ఇచ్చే సందేశాల్లో ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) అన్న మాట వెతకండి. "ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2" అని ఉంటే డ్రైవర్ అడిగిన ఫర్మ్‌వేర్ ఫైలు డిస్క్ మీద లేదు. ఉబుంటులో లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. డెబియన్ 12 నుంచి ఈ ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అంతకు ముందు వెర్షన్లలో నాన్-ఫ్రీ విభాగాన్ని చేత్తో కలుపుకోవాలి. మూడు, పక్కన విండోస్ కూడా ఉంటే దాని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ చేశామనుకున్నా విండోస్ నిజానికి సగం నిద్రలో ఉంటుంది, కార్డు సరిగ్గా రీసెట్ కాదు, తర్వాత లైనక్స్‌లో లేవదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అది తీసేసి, ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ లేదు" అన్న కేసుల్లో ముందు చూడాల్సింది ఇదే.

ఏ చిప్‌కి ఏ దారి

ఇంటెల్ అయితే కొత్త కార్డుకి కొత్త కర్నెల్, కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే చాలు. ఏఎక్స్200కి కర్నెల్ 5.1, ఏఎక్స్210కి 5.10 కనీసం కావాలి. ఇప్పటి పంపిణీలన్నీ (ఉబుంటు, మింట్, డెబియన్ లాంటివి) దాన్ని ఎప్పుడో దాటేశాయి. పాత అథెరోస్ చిప్‌లు, అంటే ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడిచేవి, ఇంకా సులువు. వాటికి ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు. వేగం తక్కువే గానీ తలనొప్పి ఉండదు.

బ్రాడ్‌కామ్ దగ్గరే అసలు కథ. 2010లో ఆ కంపెనీ కొన్ని చిప్‌లకి ఓపెన్ డ్రైవర్ విడుదల చేసింది. అందుకే 14ఈ4:4727, అంటే బీసీఎం4313, బీఆర్‌సీఎంఎస్‌మాక్ అనే డ్రైవర్‌తో దానంతటదే నడుస్తుంది. 14ఈ4:4331 లాంటివి బీ43 డ్రైవర్ కిందికి వస్తాయి, వాటికి ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా తగిలేది మాత్రం 14ఈ4:4365, అంటే బీసీఎం43142. 2013 నుంచి కొన్నేళ్లపాటు డెల్, హెచ్‌పీ, లెనోవో చవక మోడళ్లలో ఇది విరివిగా వచ్చింది. దీనికి కర్నెల్‌లో డ్రైవర్ లేదు. కంపెనీ సొంతంగా ఇచ్చే డబ్ల్యూఎల్ అనే డ్రైవర్ ఒక్కటే దిక్కు. ఉబుంటులో దాని ప్యాకేజీ పేరు బీసీఎండబ్ల్యూఎల్-కర్నెల్-సోర్స్, డెబియన్‌లో బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్. ఫెడోరా అసలు రిపాజిటరీలో ఇది దొరకదు, ఆర్‌పీఎం ఫ్యూజన్ కలుపుకోవాలి. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే మౌస్‌తోనే పని అయిపోతుంది. మింట్ అయితే నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ నుంచే ఆ ప్యాకేజీ తీసుకోగలదు.

పని అవుతుంది సరే, తర్వాతేంటి? డబ్ల్యూఎల్‌ని బ్రాడ్‌కామ్ చివరిసారి కొత్తగా విడుదల చేసింది 2015లో. అప్పటి నుంచి కర్నెల్ మారినప్పుడల్లా పంపిణీలవాళ్లే ప్యాచ్‌లు వేస్తూ నెట్టుకొస్తున్నారు. కొత్త భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే ఒప్పుకునే రౌటర్‌కి ఇది కలవదు, రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 కూడా ఉంచాలి. పైగా బీసీఎం43142 కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, ఒకే స్ట్రీమ్‌తో పనిచేస్తుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ 100 ఎంబీపీఎస్ ఉన్నా, పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ 2.4లో కిక్కిరిసి ఉంటే అందులో సగం కూడా రాదు. పటమటలోనో లక్ష్మీపురంలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటే నెట్‌వర్క్‌ల జాబితా ఒకసారి తెరిచి చూడండి, ఎన్ని పేర్లు వస్తాయో తెలుస్తుంది. కాబట్టి ఈ చిప్ విషయంలో మా మాట సూటిగా ఉంటుంది: ఇవాళ్టికి డబ్ల్యూఎల్ వేసుకోండి, వీలు చూసుకుని కార్డు మార్చేయండి.

రియల్‌టెక్‌లో ఒక్కో చిప్‌ది ఒక్కో తంతు. 10ఈసీ:సీ821, అంటే ఆర్‌టీఎల్8821సీఈ, కర్నెల్ 5.9 నుంచి ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌లో ఉంది. 8852ఏఈ కర్నెల్ 5.16 నుంచి, 10ఈసీ:బీ852 అంటే 8852బీఈ కర్నెల్ 6.2 నుంచి ఆర్‌టీడబ్ల్యూ89లో ఉన్నాయి. ఉబుంటు 22.04 మొదటి ఐఎస్‌ఓలో (ఇన్‌స్టాల్ ఫైలులో) కర్నెల్ 5.15, మింట్ 21లోనూ అదే. అందుకే కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ పాత పెన్‌డ్రైవ్‌తో 8852బీఈ కార్డు కనిపించదు. అదే ల్యాప్‌టాప్‌లో 24.04 పెడితే, దాని కర్నెల్ 6.8 కాబట్టి, ఏమీ చేయకుండానే వస్తుంది. ఇది తెలియక గిట్‌హబ్ నుంచి డ్రైవర్ దించి రాత్రంతా కంపైల్ చేసేవాళ్లున్నారు. 8821సీఈకి ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కనిపించే డీకేఎంఎస్ (బయటి డ్రైవర్‌ని కర్నెల్‌కి తగ్గట్టు కంపైల్ చేసే సాధనం) సూచనలు చాలావరకు 5.9కి ముందువి. ఇప్పుడు వాటిని పాటిస్తే ఒకే కార్డుకి రెండు డ్రైవర్లు పోటీపడతాయి.

రియల్‌టెక్‌లో డ్రైవర్ ఉన్నా వచ్చే తిప్పలు రెండు. ఆర్‌టీఎల్8723బీఈ, 10ఈసీ:బీ723, ఎక్కువగా హెచ్‌పీల్లో ఉంటుంది. రౌటర్ పక్కనే కూర్చున్నా ఒక్క గీతే సిగ్నల్ చూపిస్తుంది. కారణం సాదా. ఆ ల్యాప్‌టాప్‌లో ఒకే యాంటెనా వైరు బిగించి ఉంటుంది, డ్రైవర్ రెండో కనెక్టర్ వైపు చూస్తూంటుంది. ఈటీసీ లోపల మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి, "ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=1" అని ఒక్క వరుస రాసి రీబూట్ చేయండి. మారకపోతే 1 తీసి 2 పెట్టండి. రెండింటిలో ఒకటి తగులుతుంది. ఇక ఆర్‌టీడబ్ల్యూ88 కార్డులతో ఉన్నట్టుండి కనెక్షన్ పోవడం, ఒక్కోసారి ల్యాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోవడం జరిగితే, పీసీఐ పవర్ ఆదా పద్ధతి ఏఎస్‌పీఎంతో ఆ కార్డుకి పడటం లేదని అనుమానించాలి. అదే ఫోల్డర్‌లో "ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1" అని రాయండి. బ్యాటరీ కాస్త తొందరగా దిగుతుంది, అంతే.

మీడియాటెక్‌లో ఎంటీ7921కి కర్నెల్ 5.12 నుంచి డ్రైవర్ ఉంది. కొన్ని రైజన్ ల్యాప్‌టాప్‌లలో ఇదే కుటుంబం ఆర్‌జెడ్608, ఆర్‌జెడ్616 పేర్లతో వస్తుంది, పేరు చూసి కంగారుపడొద్దు. స్లీప్ నుంచి లేచాక కార్డు కనిపించకపోతే "సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఎంటీ7921ఈ" అని తీసి, మళ్లీ "సుడో మోడ్‌ప్రోబ్ ఎంటీ7921ఈ" అని ఎక్కించండి. రోజూ అలా చేయాల్సి వస్తే దీనికీ డిజేబుల్_ఏఎస్‌పీఎం ఆప్షన్ ఉంది. జాగ్రత్తపడాల్సింది 14సీ3:7902, అంటే ఎంటీ7902. ఉబుంటు 24.04 విడుదలైన కర్నెల్ 6.8లో గానీ, డెబియన్ 13లోని 6.12లో గానీ దీనికి డ్రైవర్ లేదు. ఆ నంబరు కనిపిస్తే ఆలోచించకుండా కార్డు మార్చే భాగానికి వెళ్లండి.

కర్నెల్ మారడమా, బయటి డ్రైవరా

కర్నెల్ మార్చడం పెద్ద పనేమీ కాదు. ఉబుంటు 22.04లో లైనక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04 ప్యాకేజీ (పాత ఉబుంటుకి కొత్త కర్నెల్ తెచ్చేది) వేస్తే చాలు, 24.04కీ అదే తరహా పేరు. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ వ్యూ మెనూలో లైనక్స్ కర్నెల్స్ అని ఉంటుంది. డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్. పాత కర్నెల్ తీసేయకండి. కొత్తది మొరాయిస్తే ల్యాప్‌టాప్ ఆన్ అవగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాతదానితో లేవొచ్చు.

బయటి డ్రైవర్ ఎందుకు ఇబ్బందో చెప్పుకోవాలి. కర్నెల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి. కర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్‌ని, ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు. గిట్‌హబ్‌లో ఒకరిద్దరు తీరిక సమయంలో చూసుకునే డ్రైవర్‌కి ఆ అదృష్టం లేదు. డీకేఎంఎస్ చేసేదల్లా కొత్త కర్నెల్ వచ్చినప్పుడు పాత సోర్స్‌ని మళ్లీ కంపైల్ చేయడమే. సోర్స్ కొత్త కర్నెల్‌కి సరిపోకపోతే అది చేతులెత్తేస్తుంది, మీకు వైఫై పోతుంది.

అయినా వేయక తప్పకపోతే డీకేఎంఎస్, బిల్డ్-ఎసెన్షియల్ (కంపైల్ సాధనాలు), హెడర్స్ (ఆ కర్నెల్‌కి తగ్గట్టు కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు) మూడూ కావాలి. హెడర్స్‌ని వెర్షన్ నంబరుతో కాకుండా ఉబుంటులో లైనక్స్-హెడర్స్-జెనరిక్, డెబియన్‌లో లైనక్స్-హెడర్స్-ఏఎండీ64 అన్న సాధారణ పేరుతోనే వేయండి. హెచ్‌డబ్ల్యూఈ కర్నెల్ వాడుతుంటే హెడర్స్ కూడా ఆ పేరుతోనే ఉండాలి. నంబరుతో వేస్తే ఇవాళ్టి కర్నెల్‌కి సరిపోతాయి. వచ్చే అప్‌డేట్‌కి హెడర్స్ రావు, మాడ్యూల్ (అంటే డ్రైవర్) తయారుకాదు, "అప్‌డేట్ చేస్తే వైఫై పోయింది" అని లైనక్స్‌ని తిట్టుకుంటారు.

సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని అడ్డుకునే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇంకో మెట్టు ఉంది. మీరు కంపైల్ చేసిన మాడ్యూల్‌కి సంతకం ఉండాలి, ఆ తాళంచెవిని బయోస్ స్థాయిలో నమోదు చేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్ అవగానే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, ఎస్, తర్వాత ఆ పాస్‌వర్డ్. ఆ తెర కొద్ది క్షణాలే ఉంటుంది. ఏమీ నొక్కకపోతే మామూలుగా బూటైపోతుంది, డ్రైవర్ మాత్రం ఎక్కదు. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే ఆ మెట్టు తప్పిపోయిందనే. "ఎంఓకేయుటిల్" కమాండ్‌తో మళ్లీ ఇంపోర్ట్ పెట్టి రీబూట్ చేయండి. సెక్యూర్ బూట్ ఆపేయడం సులువే గానీ, అదే ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉన్న విండోస్ ఉంటే అది రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ చేతిలో లేకుండా బయోస్ ముట్టుకోవద్దు.

కార్డు మార్చాలనుకుంటే

ఎక్కువమంది సాహసమనుకునేది ఇదే. నిజానికి స్క్రూడ్రైవర్ పట్టుకోగలిగితే అరగంట పని. కాకపోతే సరైన కార్డు కొనడంలోనే జాగ్రత్తంతా.

ముందు స్లాట్ చూడాలి. 2012–13 నాటి ల్యాప్‌టాప్‌లలో సగం సైజు మినీ పీసీఐఈ స్లాట్, తర్వాతవాటిలో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవున్న ఎం.2 2230 స్లాట్. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పట్టదు. యాంటెనా కనెక్టర్లు కూడా వేరు. పాతవాటిలో కాస్త పెద్ద యూ.ఎఫ్ఎల్, కొత్త ఎం.2 కార్డుల్లో చిన్న ఎంహెచ్ఎఫ్4. పలచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో వైఫై చిప్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అక్కడ ఈ దారి మూసుకుపోయినట్టే.

ఎం.2 ఉన్నవాళ్లకి మేం చెప్పేది ఇంటెల్ ఏఎక్స్210, లేదా చవగ్గా దొరికితే ఏఎక్స్200. ఏఎక్స్210 ఆన్‌లైన్‌లో సాధారణంగా రెండు వేల అటూఇటూ ఉంటుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: ఏఎక్స్201, ఏఎక్స్211, 9560 కూడా అదే ఆకారంలో ఉంటాయి, కాస్త చవగ్గానూ దొరుకుతాయి, కానీ కొనకండి. అవి సీఎన్‌వీఐ రకం. కార్డులో సగం పని ఇంటెల్ ప్రాసెసర్ పక్కనుండే చిప్‌సెట్ చేస్తుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి స్లాట్‌లో కూర్చుంటాయి గానీ పనిచేయవు, పాత ఇంటెల్‌లోనూ అంతే. చివర్లో 0 ఉన్న ఏఎక్స్200, ఏఎక్స్210 మాత్రం మామూలు పీసీఐఈ కార్డులు, రెండింటిలోనూ నడుస్తాయి. ఈ గుర్తు ఏఎక్స్ వరసకే పనికొస్తుంది. బీఈ200 చివర కూడా సున్నా ఉన్నా అది ఏఎండీలో పనిచేయదు. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని చవక ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్లాట్‌కి సీఎన్‌వీఐ తీగలే ఇస్తారు, అలాంటిచోట ఏఎక్స్210 కనిపించదు. ఇప్పుడున్న కార్డు రియల్‌టెక్‌దో మీడియాటెక్‌దో అయితే ఆ స్లాట్‌లో పీసీఐఈ ఉన్నట్టే, భయం లేదు.

మినీ పీసీఐఈ వాళ్లకి ఇంటెల్ 7260హెచ్ఎండబ్ల్యూ నమ్మకమైనది. 5 గిగాహెర్ట్జ్ వస్తుంది, బ్లూటూత్ 4.0 కూడా ఉంటుంది. పేరు చివర హెచ్ఎండబ్ల్యూ ఉండాలి. అదే 7260 ఎన్‌జీడబ్ల్యూ అని ఉంటే అది ఎం.2.

పాత వ్యాపార మోడళ్లలో వైట్‌లిస్ట్ బెడద ఉంది. థింక్‌ప్యాడ్ ఎక్స్230, టీ430 తరంలో కంపెనీ ఒప్పుకోని కార్డు పెడితే "1802: అనాథరైజ్డ్ నెట్‌వర్క్ కార్డ్" అని తెర మీద వచ్చి బూటే కాదు. అదే కాలపు హెచ్‌పీల్లో కొన్ని 104 నంబరుతో అలాంటి మాటే అంటాయి. పాత కార్డు తిరిగి పెడితే అంతా మామూలే, చెడేది ఏమీ లేదు. రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్ కొన్నవాళ్లు ఆ మోడల్‌కి లెనోవో ఎఫ్‌ఆర్‌యూ నంబరు (కంపెనీ విడిభాగం నంబరు) ఉన్న ఇంటెల్ కార్డే వెతుక్కోవాలి. బయోస్ మార్చే పద్ధతులు నెట్‌లో ఉన్నాయి గానీ, ఒక వైఫై కార్డు కోసం మదర్‌బోర్డుని పందెం కాయడం మాకు నచ్చదు.

బిగించేటప్పుడు చార్జర్ తీసి, వెనక మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. పాత కార్డుని ఫోటో తీయండి, ఏ వైరు ఏ కనెక్టర్‌కి ఉందో కనిపించాలి. నలుపు, తెలుపు వైర్లలో మెయిన్ ఏదన్నది కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి రంగు చూసి ఊహించొద్దు, ఫోటోనే నమ్మండి. కనెక్టర్లని నిటారుగా పైకి లేపాలి, వైరు పట్టుకుని పక్కకి లాగితే కార్డు మీది చిన్న వలయం ఊడొస్తుంది. ఇవి కొన్ని పదుల సార్లు తీసిపెట్టడానికి మాత్రమే తయారైనవి. కొత్త కార్డుని ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, స్క్రూ బిగించి, తర్వాత వైర్లు సరిగ్గా మధ్యలో పెట్టి బొటనవేలితో టిక్కుమనేదాకా నొక్కండి. అంతా అయ్యాక వైఫై వచ్చినా సిగ్నల్ బలహీనంగా ఉంటే పదింట తొమ్మిదిసార్లు ఒక వైరు సరిగ్గా కూర్చోలేదనే.

డాంగిల్ ఎవరికి

సోల్డర్ చేసిన చిప్ ఉన్నవాళ్లకి, వారంటీలో మూత విప్పకూడదనుకునేవాళ్లకి, కాలేజీ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఇదే దారి. కానీ డాంగిల్ పెట్టె మీద "లైనక్స్ సపోర్ట్" అని ఉంటే చాలదు. లోపలి చిప్ పేరు కావాలి. కర్నెల్‌లో ఎప్పటినుంచో బాగా నడిచేవి మీడియాటెక్ ఎంటీ7610యూ, ఎంటీ7612యూ. వైఫై 6 కావాలంటే ఎంటీ7921ఏయూ, దీనికి కర్నెల్ 5.18 ఉండాలి. రియల్‌టెక్‌లో 8812బీయూ కర్నెల్ 6.2 నుంచి, 8812ఏయూ, 8821ఏయూ 6.13 నుంచి కర్నెల్‌లోకి వచ్చాయి. అంతకంటే పాత కర్నెల్ అయితే మళ్లీ ఆ డీకేఎంఎస్ బాధే. బాగా చవగ్గా వచ్చే "వైఫై 6" బుల్లి డాంగిళ్లలో ఏఐసీ8800 చిప్ ఉంటుంది, దానికి తయారీదారు ఇచ్చే బయటి డ్రైవర్ కావాలి. వదిలేయండి.

ఒకే మోడల్ పేరు కింద చిప్ మారిపోవడం ఇక్కడ మరీ ఎక్కువ. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ వెర్షన్ 1లో అథెరోస్ ఏఆర్9271 ఉండేది, పెట్టగానే పనిచేసేది. వెర్షన్ 2 నుంచి రియల్‌టెక్ 8188ఈయూఎస్ పెట్టారు. పాత సమీక్షలు చదివి కొత్తది కొంటే మోసపోయినట్టవుతుంది. పెట్టె మీద వెర్షన్ నంబరు చూడండి. కొన్ని డాంగిళ్లు పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, లోపల విండోస్ డ్రైవర్ ఉంటుంది. "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ"లో 0బీడీఏ:1ఏ2బీ అని వస్తే అదే. ఆ సీడీని ఎజెక్ట్ చేయండి, లేదా యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేయండి, అసలు రూపం బయటికొస్తుంది.

గోరంత డాంగిల్ కంటే పైకి మడిచే యాంటెనా ఉన్నది మంచిది. కాంక్రీట్ గోడ అవతల రౌటర్ ఉంటే తేడా బాగా తెలుస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ చిన్నవి ముట్టుకోలేనంత వేడెక్కుతాయి కూడా. ఇంతకీ ల్యాప్‌టాప్ ఎప్పుడూ టేబుల్ మీదే ఉంటే ల్యాన్ కేబుల్ మించిన డాంగిల్ లేదు.

కలిశాక వచ్చే చిక్కులు

మాటిమాటికి ఆగిపోతుంటే నెట్‌వర్క్‌మేనేజర్ పవర్‌సేవ్ తీసేయండి. ఉబుంటులో ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్, కాన్ఫ్.డి లోపల డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలుంది, అందులో 3ని 2 చేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలు. 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించకపోతే "ఐడబ్ల్యూ రెగ్ గెట్" కొట్టి దేశం చూడండి. 00 అని ఉంటే "సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్" కొట్టండి, ఐఎన్ మాత్రం పెద్ద అక్షరాల్లో. మన దేశంలో 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో చాలా చానెళ్లకి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి రౌటర్లు వాటిని ధారాళంగా వాడతాయి, ల్యాప్‌టాప్‌కీ అది తెలియాలి. అయినా రాకపోతే రౌటర్ చానెల్‌ని 36కో 149కో చేత్తో మార్చి చూడండి.

కాలేజీ వైఫైలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడిగితే సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ ఎంటర్‌ప్రైజ్, పీఈఏపీ, ఎంఎస్‌చాప్‌వీ2 అని పెట్టాలి. సర్టిఫికెట్ ఫైలు కాలేజీ ఐటీ వాళ్లని అడిగి తీసుకోండి. ఉబుంటు 22.04 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 రావడంతో పాత సర్వర్లున్న చోట పాస్‌వర్డ్ సరైనదైనా కలవకపోవచ్చు. అది మీ కార్డు తప్పు కాదు, దాని కోసం డ్రైవర్ మార్చొద్దు.

కొనబోయే ల్యాప్‌టాప్ అయితే

కొత్తదైనా సెకండ్‌హ్యాండ్ అయినా, ఉబుంటు తాజా ఐఎస్‌ఓ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. ఏలూరు రోడ్డులోనైనా అరండల్‌పేటలోనైనా, కొనేవాడు అడిగితే ఎక్కువమంది కాదనరు. ట్రై ఉబుంటు నొక్కి, ఇన్‌స్టాల్ చేయకుండానే చిప్ నంబరు చూసుకోండి. మీ ఫోన్ హాట్‌స్పాట్‌ని ముందు 2.4లో, తర్వాత 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టి రెండుసార్లూ కలపండి. తర్వాత మూత మూసి ఒక నిమిషం ఆగి తెరవండి. స్లీప్ నుంచి లేచి వైఫై దానంతటదే కలిస్తే డబ్బులివ్వొచ్చు. కలవకపోతే బేరంలో కార్డు ధర తగ్గించమని అడగండి, కార్డు సోల్డర్ చేసిందైతే ఇంకో ల్యాప్‌టాప్ చూపించమనండి.